కంటికి ఆనని నుసి

ఎమ్మిగనూరు,
నవంబరు నెల.

ఎస్తేరుకు,

నీ ఉత్తరం కాలేజీ అడ్రసుకు వచ్చింది. అటెండరు తెచ్చి చేతికిస్తా, "ఈ కాలంలో గూడ ఉత్తరాలు రాసేవాళ్ళు ఉండారా మేడమ్?" అన్నాడు. ఆదోనిలో ఒకతి ఉందని చెప్పినాను. ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా రెండు మాటలకే పెట్టేస్తావు. ఉత్తరమైతే మాత్రం కాగితం రెండు పక్కలా నింపుతావు. మిల్లులో ఫోను సంచిలో పెట్టాలనీ, ఇంటికొస్తే పిల్లల గలాటా అనీ రాసినావు. సరే. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో పక్కపక్కన పండుకొని వార్డెను తిట్టేదాకా మాట్లాడుకున్నోళ్ళం, ఇప్పుడు మన నడుమ పోస్టుమ్యాను. నాకూ బాగానే ఉంది.

నా సంగతి చెప్తా. ఈ సంవత్సరం మా డిగ్రీ పిల్లలతో ఒక డబ్బా చేయిస్తున్నాను. గాలిలో దుమ్ము ఎంత ఉంది, ఏ సైజులో ఉంది అని చెప్పే డబ్బా. అరచేతిలో పడుతుంది. లోపల చిన్న ఫ్యాను గాలిని పీలుస్తుంది. ఆ గాలి సన్నటి లేజరు వెలుగుకు అడ్డంగా పోతుంది. దుమ్ము కణం ఆ వెలుగులో పడగానే వెలుగును పక్కలకు చిమ్ముతుంది. పక్కన ఒక కన్నులాంటిది పెట్టినాం, అది ఆ మెరుపును పట్టుకుంటుంది. మెరుపు పెద్దదైతే కణం పెద్దది, చిన్నదైతే చిన్నది. మనిషి కంటికి ఆననివి గూడ దీనికి ఆనుతాయి.

దీనికి మా నాయన బీడీనే నాకు మంచి పాఠం. ఆయన మగ్గం గుంతలోనుంచి లేచి బీడీ ముట్టిస్తాడా, బీడీ కొన నుంచి లేచే పొగ నీలంగా ఉంటుంది. నోట్లోనుంచి వదిలింది తెల్లగా ఉంటుంది. పొగ ఒకటే. కొన నుంచి వచ్చేటప్పుడు కణాలు మరీ చిన్నవి, అవి నీలం వెలుగునే ఎక్కువ చెదరగొడతాయి. లోపలి తడికి అవే ఉబ్బి, అన్ని రంగులనూ ఒకే తీరుగా చిమ్ముతాయి. అప్పుడు తెల్లగా కనపడుతుంది. క్లాసులో ఇది చెప్తే వెనక బెంచీవాడు, "ప్రాక్టికల్ చేసి చూపించాల్నా మేడమ్?" అన్నాడు. బయటికి పంపించినాను, కానీ నాకూ నవ్వొచ్చింది.

మీ ఇంటాయన జోయల్ అన్నను అడిగినట్లు చెప్పు.

నీ మమత.


ఆదోని,
డిసెంబరు.

మమతా,

నీ డబ్బా సంగతి రెండు మాట్లు చదివినా. జోయల్‌కు గూడ చదివి వినిపించినా. బీడీ మాట వచ్చేసరికి ఆయప్ప తన బీడీ వంక చూసుకొని, "నిజమేమే, కొన నీలమే" అన్నాడు. ఇన్నేండ్లు తాగుతాండాడు, ఎప్పుడూ చూసుకోల్యా.

మా జిన్నింగ్ మిల్లులో షెడ్డు పైరేకుకు ఒక చిల్లి ఉంది. పొద్దున పూట దాంట్లోనుంచి ఎండ కర్రమాదిరి దిగుతాది. ఆ ఎండలో దూది నుసి లేస్తా పడతా ఆడుకుంటాంటాది. ఎండ లేని చోట ఏమీ కనపడదు. నుసి ఆడ లేదని కాదు కదా. నీ లేజరు గూడ ఇట్లాంటిదే అనుకుంటా.

ఒక మాట అడుగుతా. ఆ డబ్బా మా మిల్లు గాలిని గూడ కొలుస్తాదా? ఊరికే అడుగుతాండా. నా పక్కన రాణి అని ఒకామె పత్తి ఏరుతాది. ఉరుకుంద ఈరన్న స్వామి అంటే ప్రాణం ఆమెకు, ప్రతి శ్రావణం పోయివస్తాది. పాపం ఆమెకు ఈ నడుమ రొమ్ము పట్టేస్తాంది. ఆదివారం మిల్లు ఉండదు కదా, ఆ పొద్దు బాగుంటాది. సోమవారం పనిలోకి దిగినాక మధ్యాన్నానికి రొమ్ము మీద రాయి పెట్టినట్లు ఉంటాదంట. మంగళవారం, బుధవారం కొంచెం నయం. మళ్ళా సోమవారం మొదలు. పోయిన ఆదివారం చర్చీలో పాట ఎత్తుకొని నడుమ ఊపిరి అందక కూచుండిపోయింది. కొంగు ముక్కుకు కట్టుకొనే చేస్తాము అందరమూ. అయినా ఎందుకు అట్లయితాదో నీకు తెలుసునేమో అని.

పిల్లోళ్ళు బాగుండారు.

ఎస్తేరు.


ఎమ్మిగనూరు,
డిసెంబరు.

ఎస్తేరుకు,

ఉరుకుంద ఈరన్నకు మొక్కుకునే రాణి చర్చీలో పాట ఎప్పటినుంచి ఎత్తుకుంటోంది?

హాస్టల్లో క్రిస్మస్‌కు పాట ఎవరు ఎత్తుకునేవాళ్ళో నాకు గుర్తుంది. నాకు అబద్ధం చెప్పడం నీకు రాదు, నేర్చుకోవద్దు గూడ.

నువ్వు అడిగినదానికి జవాబు చెప్తా. పెద్ద నుసి ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. తుమ్ముతాం, దగ్గుతాం, బయటికి పోతుంది. నీ కొంగు ఆపేది గూడ దాన్నే. సన్నది కొంగుకు ఆగదు, ముక్కుకు ఆగదు, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కు పోతుంది. సోమవారం రొమ్ము పట్టడం అనేది దూది మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు వచ్చే జబ్బుకు మొదటి గుర్తు. డాక్టర్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. మొదట్లో సోమవారం ఒక్కటే ఉంటుంది. అట్లే వదిలేస్తే వారమంతా పరుచుకుంటుంది. ముందుగా పట్టుకుంటే ఆపొచ్చు.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఊపిరి ఊది చూసే పరీక్ష ఉంది. నేను వెంట వస్తా. ఎప్పుడు పోదామో రాయి. రాణికి కాదు, నీకు.

మమత.


ఆదోని,
క్రిస్మస్ అయిపోయినాక.

మమతా,

నేనే. రాణి బాగుంది.

ఫోను ఎందుకు ఎత్తనో ఇప్పుడు తెలిసిండాల నీకు. గట్టిగా రెండు మాటలు మాట్లాడితే దగ్గు వస్తాది. నువ్వు వింటే ఊరుకోవు. కాగితం మీద దగ్గు వినపడదు కదా అని ఉత్తరాలు మొదలుపెట్టినా. పిల్లోళ్ళ గలాటా అనేది సాకు. ఈ మాట జోయల్‌కు గూడ తెలీదు. చలికి దగ్గుతాండా అనుకుంటాండాడు.

ఎందుకు దాచినానంటే నాగమ్మ ఉండె మా మిల్లులో. పెద్దామె, పత్తి మిషన్లో వేసేది. పోయిన సీజనులో బాగ దగ్గుతాంటే మేస్త్రి సుంకన్న పిలిచి, "ఇంట్లో ఉండి బాగ చేసుకోమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. మెత్తగానే చెప్పినాడు. ఆ తర్వాత మళ్ళా పిలవల్యా. అప్పటినుంచి షెడ్డులో దగ్గు వస్తే అందరమూ నీళ్ళ కుండ తావుకు పోయి, కొంగు నోట్లో కుక్కొని దగ్గుతాము. నేనొక్కదాన్నే అనుకుంటివా? ఇంకా ఉండారు.

నాకు చేతనైన పని ఇది. పొలం పనికి పోతే ఎండలో ఇంకా ఆయాసం. గోనెగండ్లలో మా అన్నోళ్ళ ఇంటికి పోయి కూచోలేను.

నువ్వు రావాలనుకుంటే డబ్బా తీసుకొని రా. మా షావుకారు శివకుమార్ మంచోడే, చదువుకున్నోళ్ళు వస్తే గౌరవిస్తాడు. పోయిన సంవత్సరం గోడలకు పెద్ద ఫ్యాన్లు పెట్టించినాడు. నీళ్ళు చల్లిస్తాడు. దుమ్ము పోయిందనే అనుకుంటాండాడు. కాలేజీ పని అని అడిగితే ఒప్పుకుంటాడు. నా పేరు మాత్రం ఎత్తొద్దు.

ఎస్తేరు.


ఎమ్మిగనూరు,
జనవరి.

ఎస్తేరూ,

మిల్లులో నిన్ను చూసినాను. నువ్వు నన్ను చూసి తల వంచుకున్నావు, నేను గూడ ఎరగనట్లే పోయినాను. చిక్కిపోయినావు. ఇల్లు చేరిందాకా అదే కళ్ళ ముందు ఉంది.

పని మాత్రం అనుకున్నదానికంటే బాగా జరిగింది. శివకుమార్ గారు కాఫీ ఇప్పించి, తానే వెంట ఉండి షెడ్డంతా తిప్పినాడు. మేము పోయేసరికి మర్యాద కోసం నీళ్ళు బాగా చల్లించి ఉన్నాడు. డబ్బా పెడితే అంకె ఎక్కడికో పోయింది. పిల్లలు బెదిరిపోయినారు. నీటి తుంపర్లు గూడ వెలుగును చిమ్ముతాయి, డబ్బాకు అవీ దుమ్మే. ఆరిందాకా కూచుని మళ్ళా పెట్టినాం. ఫ్యాన్ల వల్ల కంటికి కనపడే పెద్ద నుసి తగ్గింది, అది నిజం. సన్నది మాత్రం తగ్గలేదు. ఫ్యాన్లు దాన్ని బయటికి పంపకుండా షెడ్డంతా కలియబెడుతున్నాయి. మిషన్ల దగ్గర, నీళ్ళ కుండ దగ్గర, ఎక్కడ పెట్టినా ఒకటే తీరు.

ఆయనకు అన్నీ చెప్పినాను. మిషన్ల నెత్తిన గొట్టాలు పెట్టి, పుట్టిన చోటనే నుసిని లాగేయాలన్నాను. "ఖర్చుతో పని మేడమ్, సీజను అయినాక చూద్దాం" అన్నాడు. "అంతవరకు ఏం చేయాల?" అని ఆయనే అడిగినాడు. "ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళను ముందు ఆ గాలిలోనుంచి తప్పించండి" అని చెప్పినాను. వెంటనే తల ఊపినాడు. నేను నీ పేరు ఎత్తలేదు.

మంచి మనిషే అనిపించింది నాకు. ఏదో ఒకటి జరుగుతుంది చూడు.

నీ మమత.


ఆదోని,
జనవరి.

మమత మేడమ్ గారికి,

మీరు చెప్పినట్లే జరిగింది. ఊపిరి ఇబ్బంది ఉన్నోళ్ళను ఆ గాలిలోనుంచి తప్పించినారు.

సోమవారం పొద్దున సుంకన్న గేటు తావ నిలబడినాడు. "దగ్గు ఉన్నోళ్ళు చెప్పండమ్మా, షావుకారు మీ మంచికే అంటాండాడు" అన్నాడు. ఎవురూ చెప్పల్యా. సరే అని లోపలికి పంపిచ్చి, మధ్యాన్నం వచ్చి మిషన్ల తావ ఒక్కొక్కరి ముందర నిలబడి చూసినాడు. సోమవారం మధ్యాన్నం మాకు ఎట్లుంటాదో మీకు తెలుసు. నేను ఆపుకున్నా. ఆపుకున్నా. కళ్ళలో నీళ్ళు వచ్చినాయి గానీ దగ్గు ఆగల్యా. నాతో కలిపి నలుగురిని పంపించినారు. మిగిలిన ముగ్గురికీ మీరెవురో తెలీదు. "ఆ కాలేజీ ఆమె ఎందుకొచ్చిందో, మన నోట్లో మన్ను కొట్టనీకి" అని దారి పొడుగునా తిట్టినారు. నేను వింటా నడిచినా.

జోయల్‌కు అంతా చెప్పాల్సి వచ్చింది. ఆయప్ప, "ఇన్నాళ్ళు నాకు చెప్పకపోతివే" అని ఒక్కటే అన్నాడు. దానికే నాకు ఏడుపొచ్చింది.

మీ డబ్బా నుసిని కొలిచింది. నుసి ఆడనే ఉంది. మేము ఇంట్లో ఉండాము.

ఇట్లు,
ఎస్తేరు.


ఎమ్మిగనూరు,
జనవరి.

ఎస్తేరూ,

మేడమ్ అని రాసినావు. రాయి. షావుకారుతో "తప్పించండి" అనేటప్పుడు నాగమ్మ సంగతి నాకు తెలుసు. నువ్వు రాసి ఉన్నావు. అయినా ఒక్క క్షణం గూడ గుర్తు రాలేదు. అంకెలు సరిగ్గా వచ్చినాయన్న సంతోషంలో ఉన్నాను. అదే నా తప్పు.

నీ ఉత్తరం చదివిన మరుసటి పొద్దున ఆదోని బస్సెక్కినాను. ఈసారి పిల్లలు లేరు, నేను, డబ్బా. జరిగింది జరిగినట్లు రాస్తాను.

శివకుమార్ గారు ఆఫీసు గదిలో ఉన్నాడు. అద్దాల గది, ఏసీ. నన్ను చూసి, "మీరు చెప్పిన పని చేసినాం మేడమ్" అన్నాడు, మెచ్చుకుంటాననుకొని.

"నేను చెప్పింది మనుషులను తీసేయమని కాదు సార్. చెప్పడం నాదే తప్పు. ఒకసారి మీ గది గాలి చూడొచ్చునా?"

"ఈడేముంటాది? అద్దాలు, ఏసీ. చూడండి, ఎంత తేటగా ఉందో."

డబ్బా ఆయన టేబులు మీద పెట్టినాను. పెద్ద నుసి దాదాపు లేదు. సన్నది చూస్తే షెడ్డులో ఉన్నదాంట్లో సగానికి పైగా ఉంది. ఆయన నమ్మలేదు. గేటు బయట, బండ్లు తూచే కాటా దగ్గర పెట్టి చూపించినాను, అంకె బాగా కిందికి పోయింది. మళ్ళా గదిలోకి తెచ్చి పెడితే పైకి లేచింది. డబ్బాను తానే చేతిలోకి తీసుకొని గదిలో నాలుగు మూలలా తిరిగినాడు.

"ఏసీ ఉంది కదా మేడమ్."

"అది చల్లబెడుతుంది సార్, సన్న నుసిని ఆపదు. తలుపు తీసినప్పుడల్లా వస్తుంది, వచ్చింది గంటలకొద్దీ తేలుతుంటుంది. దగ్గేవాళ్ళను పంపిస్తే దగ్గు వినపడదు, అంతే. మిగిలినవాళ్ళు దగ్గేదాకా ఆగి వాళ్ళనూ పంపిస్తారు. ఆఖరికి మీరు మిగులుతారు."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. కానీ ఆయనకు కోపం రాలేదు. కిటికీలోనుంచి షెడ్డు వంక చూసినాడు. తర్వాత మెల్లగా, "సోమవారం నాకు గూడ గొంతు పట్టేస్తాది. ఆదివారం ఐస్‌క్రీము తిన్నందుకని మా ఇంట్లో అంటారు" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

ఏం చేస్తాడో నాకు తెలీదు. మాట ఏమీ ఇవ్వలేదు. ఈసారి "ఏదో ఒకటి జరుగుతుంది చూడు" అని రాయను.

కర్నూలుకు మాత్రం పోదాం రా. మేడమ్‌తో వద్దనుకుంటే జోయల్ అన్నతోనైనా పో.

మమత.


ఆదోని,
ఫిబ్రవరి.

మమతా,

కర్నూలులో నువ్వు ఆస్పత్రి బెంచీ మీద నా పక్కన కూచున్నప్పుడు నాకు కోపం కొంచెం మిగిలి ఉన్నది. ఇప్పుడు అది గూడ పోయింది. డాక్టరు చెప్పింది జోయల్‌కు అట్లే చెప్పినా. పోయినంత ఊపిరి పూర్తిగా తిరిగి రాదు, నుసిలోనుంచి బయట ఉంటే ఇంకా పోదు. వినేటప్పుడు భయమైంది గానీ, ఇంటికొచ్చినాక ఏందో ధైర్యంగా ఉంది. దాచాల్సింది ఏమీ లేదు కదా ఇప్పుడు.

కర్నూలునుంచి వచ్చిన తర్వాతి వారం సుంకన్న మా ఇంటికొచ్చినాడు. "షావుకారు మిమ్మల్ని రమ్మంటాండాడమ్మా. గొట్టాలు తెప్పిస్తాండాడు. మీ నలుగురికీ బయట పత్తి ఆరబోసే కళ్ళంలో పని" అన్నాడు. నాకు కాళ్ళు లేచినాయి. పోదామనే అనుకున్నా. అంతలో నాగమ్మ గుర్తొచ్చింది.

"నాగమ్మను పిలిచినారా?" అన్నా.

"ఆమె పోయిన సీజనుది కదమ్మా" అన్నాడు.

"నుసి గూడ పోయిన సీజనుదే కదన్నా" అన్నా.

మిగిలిన ముగ్గురినీ కూచోబెట్టి మాట్లాడినా. ఒకామె, "మనకు ఇస్తాండారు కదా, ఊరుకో" అనింది. కానీ తెల్లారేసరికి ఆమే అందరికంటే ముందు వచ్చి మా వాకిట్లో కూచునింది. ఐదుగురమూ పోతిమి. నాగమ్మ నిదానంగా నడిచింది, ఆమె కోసం ఆగుతా పోతిమి. షావుకారు ముందర నేనే మాట్లాడినా. దగ్గు ఉందని ఎవురినీ ఇంటికి పంపకూడదు, కళ్ళానికి మార్చాల. కూలి తగ్గకూడదు. ఇంకొకటి, డబ్బా మిల్లులోనే ఉండాల, అంకె మాకు కనపడాల, ఎక్కువైతే మిషను ఆపాల. నడుమలో దగ్గు వచ్చింది. ఈసారి ఆపుకోల్యా. ఆయప్ప ముందరనే దగ్గి, నీళ్ళు తాగి, మిగిలింది చెప్పినా.

ఆయప్ప సుంకన్న వంక చూసినాడు. "ఎవురు ఆపాల?" అని అడిగినాడు.

"బయట ఉండేటోళ్ళు ఎవురైనా. నేను ఆపుతా" అన్నా.

వెంటనే ఒప్పుకోల్యా. నాలుగు రోజులకు ఒప్పుకున్నాడు. నాగమ్మకు గూడ కళ్ళంలో పని.

ఇప్పుడు నువ్వు చెప్పాల. ఏ అంకె తావ ఆపాల?

నీ ఎస్తేరు.


ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి.

ఎస్తేరూ,

డబ్బా మా క్లాసు పిల్లవాడు ఉదయ్‌తో పంపిస్తున్నాను. డబ్బా షెడ్డులో పెట్టి, వైరు లాగి, అంకె చూపించే పలక గేటు దగ్గర బిగిస్తాడు. చూడడానికి నువ్వు లోపలికి పోకూడదు. ఆ మాట షావుకారుకు గూడ చెప్పినాను.

అంకె గురించి ఒక మాట. దీన్ని బైబిలు వాక్యంలాగా నమ్మొద్దు. డబ్బా ప్రతి కణాన్నీ గుండ్రం అనుకొని లెక్క కడుతుంది. దూది పోగు పొడుగ్గా ఉంటుంది, ఎట్లా తిరిగితే అట్లా వెలుగును చిమ్ముతుంది. అందుకని మేము షెడ్డు గాలిని కాగితం జల్లెడ గుండా లాగి, పట్టిన నుసిని తూచి, డబ్బా అంకెతో సరిచూసినాం. దాన్నిబట్టి పలక మీద ఎర్ర గీత పెట్టినాను. వాన వచ్చినా, నీళ్ళు చల్లినా ఆ గీతను నమ్మకు, ఆరనీ.

అంకె గీత దాటి కాసేపు అక్కడే నిలబడితే మిషన్లు ఆపు. వాళ్ళు నన్ను అడగమంటారు, కాలేజీకి ఫోను చేయమంటారు. చేయాల్సిన పని లేదు.

నీ మమత.


ఆదోని,
మార్చి.

మమతా,

గొట్టాలు వచ్చినాక వారమంతా అంకె కిందనే ఉన్నింది. షెడ్డులో ఉండేటోళ్ళు సాయంత్రం బయటికొచ్చి కొంగు దులిపితే ముందు మాదిరి పొగ లేయడంలా. నాకు పలక వంక చూడాల్సిన పని గూడ పెద్దగా లేకపోయె.

నిన్న మాత్రం అంకె లేసింది. మెల్లగా లేసి, గీత దాటి, ఆడనే నిలబడింది. కొంతసేపు చూసినా. నాగమ్మ గూడ చూసింది. గేటు తావ పత్తి బండ్లు వరసగా నిలబడి ఉండాయి. రైతులు పొద్దున్నుంచి ఎండలో ఉండారు. నాకు చెయ్యి లేయల్యా మే. ఇంట్లో అన్నీ ఆలోచించుకొని వచ్చిందాన్ని, ఆ బండ్లు చూసేసరికి వెనక్కి తగ్గినా. అంతలో లోపల ఎవురో దగ్గినట్లు అనిపించింది. ఆ మోతలో వినపడనే వినపడదు, అనిపించింది అంతే. చెయ్యెత్తినా.

సుంకన్న పరిగెత్తుకొని వచ్చినాడు. "ఈ రెండు బండ్లు అయిపోనీ తల్లీ."

"లేదన్నా. ఆపు."

"షావుకారు ఏమంటాడో."

"నా పేరు చెప్పు."

చెయ్యి దించల్యా. ఆయప్ప నా వంక చూసి, బండ్ల వంక చూసి, లోపలికి పోయినాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగినాయి. షావుకారు ఆఫీసులోనుంచి బయటికొచ్చి, "ఎవురు ఆపింది?" అన్నాడు. "నేనే సార్" అన్నా. పలక తావుకు పోయి చూసినాడు. సుంకన్నను పిలిచి, "గొట్టం యాడో పూడినట్లుంది, ఎవురినన్నా ఎక్కించి చూడు" అని లోపలికి పోయినాడు. మూడో మిషను మీది గొట్టంలో పత్తాకు ముద్ద కట్టి ఉన్నింది. బయటికి లాగినారు.

మిషన్లు ఆగినాక అంత పెద్ద షెడ్డు నిశ్శబ్దంగా అయిపోయింది. రాణీ నేనూ ఆ షెడ్డులో ఏండ్లుగా పక్కపక్కన పనిచేసినాము. లోపల ఎప్పుడూ చేతి సైగలే, మాట అనేది లేదు. నిన్న ఆమె లోపలినుంచి పిలిచింది. "ఏమక్కా, ఏమాయె?" షెడ్డు లోపల ఆమె గొంతు నేను వినింది అదే మొదలు.

"ఏం లేదు రాణీ," అన్నా. "గాలి బాగ కానీ."

నీ,
ఎస్తేరు.